సెట్‌లో ఎవరి మాట ఎవరికి వినపడాలి?

జాతర బందోబస్తులోనో, ఏదైనా పెద్ద సభ దగ్గరో నిలబడ్డ కానిస్టేబుల్‌ను ఒకసారి గమనించండి. భుజానికి తగిలించుకున్న వైర్‌లెస్ సెట్ గరగరమంటూనే ఉంటుంది. పార్కింగ్ నిండిపోయిందని ఒకరు, ఫలానా గేటు దగ్గరికి ఇద్దరిని పంపమని ఇంకొకరు, సార్ బయలుదేరారని మరొకరు. అందులో చాలా మాటలు ఆయనకు సంబంధం లేనివే. ఆయన కూడా పట్టించుకోనట్టే కనిపిస్తాడు. కానీ తన గేటు పేరో, సెట్‌లో తనను పిలిచే పేరో (కాల్ సైన్) వినపడిందంటే చెయ్యి దానంతటదే మైకు మీదికి పోతుంది.

సంబంధం లేని మాటలు కూడా చెవిన పడుతూ ఉండటం పోలీసు రేడియోలో లోపం కాదు, దాని బలమే అది. ఫోన్ ఇద్దరి మధ్య నడుస్తుంది. సెట్‌లో ఒకరు మాట్లాడితే ఆ ఛానల్‌లో ఉన్నవాళ్లంతా వింటారు. తూర్పు గేటు దగ్గర తోపులాట మొదలైందని ఒక్కసారి చెబితే చాలు, పడమటి గేటు దగ్గరున్నవాళ్లు ఎవరూ అడగకుండానే జనాన్ని ఆపుతారు. ఇదే కబురు ఫోన్లో ఒకరి తర్వాత ఒకరికి చెప్పుకుంటూ పోతే, ఆఖరివాళ్లకు చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఈ బలంతో పాటే ఒక ఇబ్బంది కూడా వస్తుంది. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకెవరూ మాట్లాడటానికి లేదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మన సెట్ మాటను పంపుతుందే తప్ప వినదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి, వినేవాళ్లకు కీచుమన్న చప్పుడే మిగులుతుంది. ఒక ఛానల్ అంటే ఒక నోరు, వెయ్యి చెవులు.

పోలీసు శాఖలు తమ ఛానళ్లను ఎలా విభజించుకుంటాయన్న ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది. ఎక్కువమందిని ఒకే ఛానల్‌లో పెడితే మాట్లాడే వంతు దొరకదు. విడగొడితే రద్దీ తగ్గుతుంది గానీ, పక్కవాడి మాట వినపడకుండా పోతుంది. ఛానల్‌ను రెండుగా చీల్చిన ప్రతిసారీ, ఎవరు ఎవరి మాట వినక్కర్లేదో కూడా నిర్ణయించినట్టే. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. అలా మర్చిపోయినందుకు ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ముందు లెక్క చూద్దాం.

గంటకు 3600 సెకన్లు. కంట్రోల్ రూమ్‌ను పిలిచి, జవాబు వచ్చాక విషయం చెప్పి, అవతలివాళ్లు సరే అనేదాకా 15 సెకన్లు పడుతుందనుకుందాం. క్షణం ఖాళీ లేకుండా నడిచినా గంటకు 240 సంభాషణలు. పది జీపులున్న పట్టణానికి ఇది ధారాళంగా సరిపోతుంది. వంద బండ్లున్న నగరంలో ఒక్కో బండికి గంటకు రెండున్నర కూడా రావు. పైగా గొడవలు గంటల ప్రకారం పంచుకుని రావు కదా. ఒక వీధిలో కత్తిపోట్లు జరిగాయంటే పది బండ్లు ఒకేసారి మైకు పట్టుకుంటాయి. సరిగ్గా అదే నిమిషంలో నగరం ఇంకో మూల గాయపడ్డ ఎస్సైకి మాట్లాడే సందు దొరకదు.

అందుకే మొదటి విభజన ఎక్కడైనా ప్రాంతాన్ని బట్టే ఉంటుంది. న్యూయార్క్ నగర పోలీసు శాఖనే తీసుకోండి. అక్కడ పోలీస్ స్టేషన్ పరిధిని ప్రీసింక్ట్ అంటారు. అలాంటివి 77కు పైగా ఉన్నాయి. రెండు మూడు ప్రీసింక్ట్‌లకు కలిపి ఒక ఛానల్, ఆ ఛానల్‌లో బండ్లను పంపడానికి ఒక డిస్పాచర్. డిస్పాచర్‌ను అందరూ ‘సెంట్రల్’ అని పిలుస్తారు. ప్రతి బండికీ ప్రీసింక్ట్ నంబరు, దాని పక్కన సెక్టార్ (ప్రీసింక్ట్‌లో ఒక భాగం) అక్షరం కలిపి పిలుపు పేరు ఉంటుంది. ఆ పేరు వినగానే ఆ బండి నగరంలో ఏ వీధుల్లో తిరిగేదో అందరికీ అర్థమవుతుంది. అత్యవసర నంబరుకు వచ్చిన ఫోన్ ఎత్తేవాళ్లు వేరు, రేడియోలో బండిని పంపేవాళ్లు వేరు. ఫోన్ ఎత్తినవాళ్లు కంప్యూటర్లో ఎక్కించిన వివరాలు ఆ ప్రాంతపు డిస్పాచర్ తెర మీదికి వస్తాయి.

రెండో విభజన పనిని బట్టి. ట్రాఫిక్‌కు వేరే, డిటెక్టివ్‌లకు వేరే, ప్రత్యేక దళాలకూ హెలికాప్టర్లకూ కలిపి నగరమంతా పనిచేసే ఛానల్ ఒకటి. ఇవి కాక, ఎదురెదురుగా ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి తక్కువ దూరం పనిచేసే ఛానళ్లు కొన్ని. నాలుగు వీధులు చుట్టుముట్టి దొంగ కోసం వెతికేవాళ్లు ‘నువ్వు వెనక సందులోకి పో’ అన్న మాట నగరమంతా వినాల్సిన పనిలేదు.

మన దగ్గర లెక్క చిన్నదైనా తీరు అదే. జిల్లా కంట్రోల్ రూమ్‌లో ఒక సెట్, ప్రతి స్టేషన్లో ఒకటి, ఎస్సై జీపులో ఒకటి, సిబ్బంది చేతుల్లో వాకీటాకీలు. నగరాల్లో శాంతిభద్రతలకు ఒక ఛానల్, ట్రాఫిక్‌కు ఇంకొకటి, పెద్ద బందోబస్తుకు తాత్కాలికంగా ఇంకొకటి. ‘సెట్ కాన్ఫరెన్స్’ అన్న మాట జిల్లా పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ఎస్పీ తన క్యాంపు ఆఫీసులో కూర్చుని జిల్లాలోని సీఐలు, ఎస్సైలతో ఒకేసారి సెట్లో మాట్లాడటమే అది. ఒక నోరు, వెయ్యి చెవులు అన్న గుణాన్ని ఇంత చక్కగా వాడుకున్న పద్ధతి నాకు ఇంకొకటి కనపడదు. ఒక స్టేషన్‌ను ఎస్పీ ఏం అడిగారో, ఆ ఎస్సై ఏం చెప్పారో మిగతా అందరూ వింటారు. మరుసటి రోజు తమను కూడా అదే అడుగుతారని వాళ్లకు తెలుసు.

కొండ మీది పెట్టె

ఛానల్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ అని మనం అనుకుంటాం. చాలా చోట్ల అది ఒక జత. ఎందుకో చెబుతాను.

చేతిలో పట్టుకునే సెట్ శక్తి ఐదు వాట్ల లోపే ఉంటుంది. పోలీసులు ఎక్కువగా వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే వెళతాయి. మధ్యలో గుట్టో, పెద్ద భవనమో అడ్డం వస్తే అక్కడితో సరి. కాబట్టి ఎత్తైన కొండ మీదో, టవర్ మీదో రిపీటర్ అనే పెట్టెను పెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీ మీద విని, అదే క్షణంలో రెండో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా తిరిగి చెబుతుంది. మన సెట్ మొదటి దాని మీద మాట్లాడుతుంది, రెండో దాని మీద వింటుంది. ఒకే వీధిలో వంద అడుగుల దూరంలో ఉన్న ఇద్దరు పోలీసుల మాట కూడా కొండెక్కి దిగి వస్తుంది.

దీనివల్ల జిల్లా అంతటికీ మాట చేరుతుంది. కానీ కొండ మీది పెట్టెకు కరెంటు పోయినా, మనమే సెల్లార్‌లోకి దిగినా పక్కన ఉన్నవాడితో కూడా మాట కలవదు. అప్పుడు రిపీటర్‌తో పనిలేని నేరు ఛానల్‌కు మారాలి. ఏ నంబరు తిప్పితే అది వస్తుందో తెలియాలి, అవతలివాడు కూడా మారాలి. ప్రమాదం ముంచుకొచ్చాక నేర్చుకునే విద్య కాదు ఇది.

ఇంకో చిక్కు ఉంది. రిపీటర్ గొంతు పెద్దది, చేతి సెట్ గొంతు చిన్నది. భవనం లోపలున్న కానిస్టేబుల్‌కు కంట్రోల్ రూమ్ మాట స్పష్టంగా వినపడుతుంది, ఆయన చెప్పేది మాత్రం కంట్రోల్‌కు చేరదు. జవాబు రాకపోతే ఆయన పట్టించుకోలేదని అవతలివాళ్లు అనుకుంటారు. దీనికి విరుగుడుగా పెద్ద నగరాల్లో వినడానికి మాత్రమే పనికొచ్చే రిసీవర్లను అక్కడక్కడా పెడతారు. వాటిలో దేనికి మాట బాగా చేరిందో చూసి, ఆ ఒక్కదాన్నే ముందుకు పంపే యంత్రం ఉంటుంది.

ఫ్రీక్వెన్సీలు అడిగినన్ని దొరకవు. మన దేశంలో వాటిని కేటాయించేది టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్‌లను సమన్వయం చేయడానికి కేంద్ర హోం శాఖ కింద 1946 నుంచి ఒక డైరెక్టరేట్ పనిచేస్తోంది. అమెరికాలో రద్దీ ఎంత పెరిగిందంటే, చాలా ఛానళ్ల వెడల్పును 25 కిలోహెర్ట్జ్ నుంచి 12.5కు కుదించాలని అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2013 జనవరి 1ని గడువుగా పెట్టింది. ఉన్న రోడ్డును సగానికి కోసి రెండు రోడ్లు చేసినట్టన్నమాట.

మాట పొదుపు

1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియో పెట్టినప్పుడు అది వినడానికి మాత్రమే పనికొచ్చేది. పిలుపు విన్న పోలీసు జవాబు చెప్పాలంటే దిగి ఫోన్ వెతుక్కోవాలి. కారు నుంచి తిరిగి మాట్లాడే ఏర్పాటు 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్ పట్టణంలో మొదలైంది. రెండు వైపులా మాట్లాడటం వచ్చిన వెంటనే రద్దీ వచ్చింది. దాని వెనకే పొదుపు మాటలూ వచ్చాయి.

‘టెన్ ఫోర్’ అన్న మాట మనలో చాలామంది వినే ఉంటారు. అంటే ‘సరే, అర్థమైంది’ అని. ఈ టెన్ కోడ్‌లు 1937 ప్రాంతంలో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుల దగ్గర రూపుదిద్దుకున్నాయి. ప్రతి అంకె ముందూ ‘టెన్’ ఎందుకన్నదానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఆనాటి సెట్లు బటన్ నొక్కగానే మాట పంపలేవు. లోపలి చిన్న జనరేటర్ ఊపందుకోవడానికి క్షణం పట్టేది, ఆలోపు పలికిన మాట గాలిలో కలిసిపోయేది. పోయినా నష్టం లేని ఒక మాటను ముందు పెట్టి, అసలు అంకెను కాపాడుకున్నారు. ఇప్పటి సెట్లలో ఆ జనరేటర్ లేదు. కానీ బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడమని శిక్షణలో ఇప్పటికీ చెబుతారు. డిజిటల్ సెట్లకూ ఆ క్షణం కావాలి.

కోడ్‌లతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఎవరి కోడ్ వాళ్లదే. న్యూయార్క్‌లో టెన్ థర్టీన్ అంటే పోలీసు ప్రాణాపాయంలో ఉన్నాడు, అందరూ పరిగెత్తండి అని. ఇంకొన్ని చోట్ల అదే అంకెకు వాతావరణం, రోడ్డు పరిస్థితి చెప్పమని అర్థం. ఎవరి ఊళ్లో వాళ్లున్నంత కాలం ఫర్వాలేదు. పెద్ద విపత్తులో పది ఊళ్ల పోలీసులు ఒకచోట చేరితే అది ప్రాణాంతకం. అందుకే అనేక శాఖలు కలిసి పనిచేసే చోట కోడ్‌లు వదిలేసి మామూలు మాటలే వాడాలని 2006లో అమెరికా కేంద్ర ప్రభుత్వం షరతు పెట్టింది. నాకు ఇది చాలా సరైన నిర్ణయం అనిపిస్తుంది. రెండు సెకన్లు ఎక్కువ పట్టినా మాట అర్థం కావడం ముఖ్యం.

మాటల క్రమశిక్షణలో అన్నిటికన్నా గొప్పది మౌనం. ఛానల్‌లో ఒకరు ప్రాణాపాయంలో ఉన్నారని తెలిసిన క్షణం డిస్పాచర్ మిగతా అందరినీ మాట్లాడవద్దంటారు, లేదా వేరే ఛానల్‌కు మారమంటారు. ఇప్పటి సెట్ల పైభాగాన నారింజ రంగు అత్యవసర బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ సెట్ ఎవరిదో కంట్రోల్ రూమ్ తెర మీద కనిపిస్తుంది. కొన్ని వ్యవస్థల్లో కొద్ది సెకన్ల పాటు మైకు దానంతటదే తెరుచుకుంటుంది కూడా. పెనుగులాటలో ఉన్నవాళ్లు ఏమీ చెప్పలేకపోయినా చుట్టూ ఏం జరుగుతోందో వినపడుతుంది.

ఒకే క్యూ, పది కౌంటర్లు

పాత రైల్వే రిజర్వేషన్ ఆఫీసులో కౌంటర్‌కొక క్యూ ఉండేది. మన క్యూ కదలదు, పక్క కౌంటర్ గుమాస్తా ఖాళీగా కూర్చుని ఉంటాడు. తర్వాత టోకెన్లు వచ్చాయి. అందరిదీ ఒకే వరుస, ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పోవడమే. కౌంటర్లు పెరగలేదు, నిరీక్షణ తగ్గింది.

ట్రంకింగ్ అనే పద్ధతి రేడియోలో చేసింది ఇదే. ఛానల్‌ను ఒక ఫ్రీక్వెన్సీకి కట్టేయడం మానేసి, ఇరవై ఫ్రీక్వెన్సీలుంటే అన్నిటినీ ఒక గంపలో వేస్తారు. పోలీసులు ఎంచుకునేది ఫ్రీక్వెన్సీని కాదు, ‘టాక్‌గ్రూప్’ అనే పేరును. బటన్ నొక్కగానే కంప్యూటర్ ఒక ఖాళీ ఫ్రీక్వెన్సీని వెతికి, ఆ గ్రూపులోని సెట్లన్నిటినీ దాని మీదికి మళ్లిస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరుగుతుంది. మాట అయిపోగానే ఆ ఫ్రీక్వెన్సీ మళ్లీ గంపలోకి. ఇరవై ఫ్రీక్వెన్సీలతో వందల గ్రూపులను నడపవచ్చు, ఎందుకంటే అందరూ ఒకే క్షణంలో మాట్లాడరు. అమెరికాలో 1989లో మొదలైన ప్రాజెక్ట్ 25 ప్రమాణం, ఐరోపాలో 1995లో వచ్చిన టెట్రా ఈ దారిలోనివే. టెట్రాలో ఒకే 25 కిలోహెర్ట్జ్ వెడల్పులో కాలాన్ని ముక్కలు చేసి నాలుగు సంభాషణలు నడుపుతారు. మన దేశంలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో టెట్రా నెట్‌వర్క్ వేశారు.

అయితే దీని సౌకర్యం చూసి ఒక తప్పు చేయడం తేలిక. గ్రూపు పెట్టడానికి ఇప్పుడు కొత్త ఫ్రీక్వెన్సీ అక్కర్లేదు, కంప్యూటర్లో ఒక పేరు చేరిస్తే చాలు. కాబట్టి ప్రతి యూనిట్ తనకొక గ్రూపు కావాలంటుంది. సెట్లో వంద పేర్లు నిండుతాయి. రద్దీ సమస్య తీరింది గానీ, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో తెలియని సమస్య మొదలైంది. పాత రోజుల్లో ఫ్రీక్వెన్సీల కొరత వల్ల తప్పనిసరిగా ఒకరి మాట ఒకరు వినేవాళ్లు. ఇప్పుడు వినిపించాలంటే ఎవరో ఒకరు ముందే ఆలోచించి ఏర్పాటు చేయాలి.

2001 సెప్టెంబర్ 11

విభజన తప్పితే ఏమవుతుందో, ఉగ్రవాదులు విమానాలతో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లను ఢీకొట్టిన ఆ రోజు న్యూయార్క్‌లో తెలిసింది. దీని గురించి 2004లో వచ్చిన విచారణ కమిషన్ నివేదిక చదివితే గుండె బరువెక్కుతుంది.

1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలినప్పుడే, అంత ఎత్తు భవనంలో అగ్నిమాపక సిబ్బంది సెట్లు సరిగా పనిచేయవని తేలింది. ఆ తర్వాత వాళ్ల కోసం అక్కడే ఒక రిపీటర్ పెట్టారు. దాన్ని ఆన్ చేసే బటన్లు రెండు టవర్ల లాబీల్లోనూ ఉండేవి. ఆ ఉదయం ఉత్తర టవర్‌లో ఒక బటన్ నొక్కారు. లాబీలోని మాస్టర్ హ్యాండ్‌సెట్‌ను పనిచేయించే రెండో బటన్ నొక్కలేదు. పరీక్షించి చూస్తే మాట వినపడలేదు. రిపీటర్ పాడైందనుకుని ఉత్తర టవర్ అధికారులు మామూలు ఛానల్‌కు మారారు. నిజానికి రిపీటర్ పనిచేస్తూనే ఉంది. దక్షిణ టవర్‌లోకి వెళ్లిన ఓరియో పామర్ అనే అధికారి దాని మీదే మాట్లాడుతూ 78వ అంతస్తు దాకా ఎక్కారు. అక్కడి పరిస్థితిని కిందికి చెప్పగలిగారు. ఆయన తిరిగి రాలేదు.

ఉత్తర టవర్‌లో వందలమంది అగ్నిమాపక సిబ్బంది ఒకే మామూలు ఛానల్ మీద ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి మాటా సరిగా అందలేదు. ఇది మొదటి రకం వైఫల్యం: ఒక్క నోటి కోసం అంతమంది పోటీ.

రెండో రకం ఇంకా బాధాకరమైనది. పోలీసు హెలికాప్టర్లు పైన తిరుగుతున్నాయి. లాబీలో ఉన్న అగ్నిమాపక అధికారులకు కనపడనిది వాటిలోని పైలట్లకు కనపడుతోంది. 9:59కి దక్షిణ టవర్ కూలిపోయింది. ఉత్తర టవర్‌లోని పోలీసు అత్యవసర బృందాలకు బయటికి రమ్మని తమ రేడియోలో స్పష్టమైన ఆదేశం అందింది. 10:08కి ఒక పైలట్ ఉత్తర టవర్ ఎక్కువసేపు నిలబడేలా లేదని చెప్పాడు. ఆ మాట పోలీసు రేడియోలో వెళ్లింది. అగ్నిమాపక శాఖ రేడియో వేరు. రెండిటికీ మధ్య వంతెన లేదు. 10:28కి ఉత్తర టవర్ కూలింది.

ఖాళీ చేయమని అగ్నిమాపక అధికారులు కూడా ఆదేశం ఇచ్చారు. చాలామంది విన్నారు, కొందరు వినలేదు. డ్యూటీ లేకపోయినా పరిగెత్తుకొచ్చిన కొందరి దగ్గర సెట్లే లేవు. విన్నవాళ్లలో కూడా చాలామందికి అవతలి టవర్ కూలిపోయిందన్న సంగతి తెలియదు. తెలిసి ఉంటే మెట్ల మీద ఆగి సేద తీరేవాళ్లా? ఆ రోజు అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. న్యూయార్క్ నగర పోలీసులు 23 మంది, ఆ టవర్లను కట్టిన పోర్ట్ అథారిటీ సంస్థ పోలీసులు 37 మంది చనిపోయారు. అన్ని మరణాలకూ రేడియోనే కారణమనడం తప్పు, కమిషన్ కూడా అలా అనలేదు. కానీ పైన ఉన్నవాళ్లకు తెలిసిన సంగతి కింద ఉన్నవాళ్లకు చేరే దారి లేకపోవడం మాత్రం ఆ క్షణాన జరిగింది కాదు. ఎన్నో ఏళ్ల కింద ఎవరి ఛానళ్లు వాళ్లు పంచుకున్నప్పుడే జరిగింది.

లండన్‌దీ ఇలాంటి కథే. 1987లో కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్లో అగ్నిప్రమాదం జరిగి 31 మంది చనిపోయారు. భూమి కింద రేడియోలు పనిచేయాలని అప్పుడే విచారణలో చెప్పారు. 2005 జులై 7న భూగర్భ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది ప్రాణాలు పోయిన రోజున, కింద రేడియో పనిచేసింది ప్రధానంగా రైల్వే పోలీసులకే. 18 ఏళ్లు గడిచినా మిగతా సర్వీసులకు ఆ ఏర్పాటు రాలేదు.

ఇలాంటి గోడలకు తలుపులు పెట్టే మార్గాలు లేకపోలేదు. అన్ని శాఖల సెట్లలోనూ ఉమ్మడి ఛానల్ ఒకటి పెట్టవచ్చు. కంట్రోల్ రూమ్‌లో రెండు వేర్వేరు రేడియోలను కలిపేసే ‘ప్యాచ్’ వేయవచ్చు. అందరినీ ఒకే నెట్‌వర్క్ మీదికి తీసుకురావచ్చు. అమెరికాలో 2012 చట్టంతో ఏర్పడిన ఫస్ట్‌నెట్ ఆ చివరి దారిలో వేసిన అడుగు. అన్నిటికన్నా తక్కువ ఖర్చుది ఇంకొకటి ఉంది: పోలీసు అధికారి, అగ్నిమాపక అధికారి ఒకే టేబుల్ దగ్గర, ఎవరి సెట్ వాళ్లు పట్టుకుని పక్కపక్కన నిలబడటం.

పరికరం ఉన్నంత మాత్రాన సరిపోదని 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ పాఠశాలలో దుండగుడు కాల్పులు జరిపినప్పుడు మళ్లీ రుజువైంది. 376 మంది పోలీసులు వచ్చారు. అనేక సంస్థలవాళ్లు. ముందే రాసుకున్న ప్రణాళిక ప్రకారం నాయకత్వం వహించాల్సిన అధికారి తన సెట్లను బయటే వదిలేసి లోపలికి వెళ్లారు. భవనం లోపల చాలా సెట్లు సరిగా పనిచేయలేదు కూడా. తరగతి గదిలో బతికున్న పిల్లలు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి సాయం అడుగుతున్నారు. ఆ విషయాన్ని డిస్పాచర్ రేడియోలో చెప్పారు. అది తెలియాల్సిన చోటికి చేరలేదు. లోపలికి వెళ్లి హంతకుడిని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు.

తాళం వేసిన ఛానళ్లు

అమెరికాలో దశాబ్దాలుగా మామూలు జనం, విలేకరులు స్కానర్ కొనుక్కుని పోలీసు రేడియో వినేవాళ్లు. ఇప్పుడు ఒక్కో నగరం తన ఛానళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తోంది, అంటే బయటివాళ్లకు అర్థం కాకుండా మాటకు తాళం వేస్తోంది. షికాగో 2022లో మొదలుపెట్టి, ప్రజలకు అరగంట ఆలస్యంగా వినిపిస్తోంది. న్యూయార్క్ 2023లో బ్రూక్లిన్‌లోని కొన్ని ప్రీసింక్ట్‌లతో ఆరంభించింది. పోలీసుల వాదన తేలిగ్గా తీసేయలేం. నేరస్థులు వింటున్నారు, బాధితుల పేర్లు, చిరునామాలు గాలిలో పోతున్నాయి. విలేకరుల వాదనా న్యాయమే. పోలీసులు చెప్పిందే వార్త అయిపోతే, జరిగింది అదేనా అని సరిచూసుకునే దారి మూసుకుపోతుంది. నా మటుకు, సోదాలు, నిఘా వంటి పనుల ఛానళ్లకు పూర్తి తాళం, రోజువారీ డిస్పాచ్‌కు కొద్దిపాటి ఆలస్యం న్యాయంగా తోస్తాయి.

మన దేశంలో ఈ చర్చే రాలేదు. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నాటి నుంచీ రేడియో పరికరం దగ్గర పెట్టుకోవాలంటేనే లైసెన్స్ కావాలి. 2023లో వచ్చిన కొత్త టెలికాం చట్టం కూడా అనుమతుల మీదే నడుస్తుంది. ఇక్కడ పోలీసు సెట్ వినడం ఎప్పుడూ జనం అలవాటు కాలేదు.

తాళం గురించి ఒక సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది. తాళం వేస్తే తాళంచెవి అందరికీ పంచాలి. పక్క జిల్లా బృందానికి, అగ్నిమాపక శాఖకు, అంబులెన్స్‌కు ఆ చెవి ఇవ్వడం మర్చిపోతే, ఒకే ఛానల్‌లో ఉండి కూడా వాళ్లు చెవిటివాళ్లే.

వాట్సాప్ గ్రూపు సెట్ కాదు

ఇప్పుడు మన స్టేషన్లలో పనులు చాలావరకు ఫోన్ మీదే నడుస్తున్నాయి. ఫొటోలు, లొకేషన్లు, ఆర్డర్లు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే. ఫోటో పంపడానికి సెట్ పనికిరాదు, కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఫోన్ ఉంది కదా, ఇంక సెట్ ఎందుకనే ధోరణి చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఫోన్‌ను జేబులోంచి తీసి తెరిచి చదవాలి. సెట్ అయితే చేతులు పనిలో ఉండగానే చెవిన పడుతుంది. ఇద్దరు అధికారులు ఫోన్లో మాట్లాడుకుంటే మూడోవాడికి తెలియదు, అతను తనకు తెలిసిన పాత సంగతి మీదే నడుచుకుంటాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు సెల్ టవర్లు కూలి, కరెంటు పోయి ఊరు ఊరంతా ఫోన్లు మూగబోయాయి. మేడారం లాంటి జాతరలో తుపాను కూడా అక్కర్లేదు, లక్షలమంది ఒకేచోట చేరి ఫోన్లు తీస్తే చాలు, సిగ్నల్ గీతలు కనిపిస్తున్నా కాల్ కలవదు. సొంత రిపీటర్, దానికి బ్యాటరీలు, జనరేటర్‌లో డీజిల్ ఉన్న పోలీసు నెట్‌వర్క్‌కు ఈ రద్దీతో సంబంధం ఉండదు. దాన్ని నడిపే కమ్యూనికేషన్స్ విభాగం సిబ్బంది పేర్లు ఎవరికీ తెలియవు. కొండెక్కి యాంటెన్నా సరిచేసేది, బందోబస్తుకు రెండు రోజుల ముందు పోయి సెల్లార్లలో, గర్భగుడి పక్క మండపాల్లో మాట అందుతుందో లేదో నడిచి చూసేది వాళ్లే.

పొద్దున డ్యూటీ మారే వేళ కంట్రోల్ రూమ్ నుంచి ఒక్కో స్టేషన్‌ను వరుసగా పిలుస్తారు. పిలుపు పేరు, ఒక జవాబు, మళ్లీ ఇంకో పేరు. పది నిమిషాల పని. జవాబు రాని స్టేషన్ పేరు లాగ్‌బుక్‌లో రాసుకుని, అక్కడి సెట్ చూడటానికి మనిషిని పంపుతారు. జాతర రోజున ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, ఏ ఔట్‌పోస్టుకు మాట అందదో ఈ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బందోబస్తుకు వచ్చే అగ్నిమాపక శకటాన్ని, అంబులెన్స్‌ను కూడా అదే వరుసలో, అదే ఛానల్‌లో పిలిచి జవాబు వచ్చేదాకా ఆగితే దానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది.